‘నీకెందుకు?’ అని అడగకూడదు

సమాచార హక్కు చట్టం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా ఇష్టమైనది సెక్షన్ 6(2). సమాచారం అడిగిన మనిషి ఎందుకు అడుగుతున్నాడో కారణం చెప్పక్కర్లేదని అందులో రాశారు. మండలాఫీసులో కిటికీ ముందు ఒక్కసారైనా నిలబడ్డవాళ్లకు ఈ వాక్యం విలువ విడమరిచి చెప్పే పనిలేదు. అక్కడ మనకు మొట్టమొదట వినిపించే మాట ‘ఇవన్నీ నీకెందుకయ్యా?’ అనే కదా.

రాజ్యాంగం 1950లో అమల్లోకి వచ్చింది. ఈ చట్టం 2005లో వచ్చింది. విచిత్రం ఏమిటంటే, రాజ్యాంగంలో ‘సమాచార హక్కు’ అన్న మాట ఎక్కడా లేదు. దానికోసం ఎవరూ రాజ్యాంగాన్ని తిరగరాయలేదు, ప్రాథమిక హక్కుల జాబితాలో కొత్త పేరూ చేర్చలేదు. పీఠికలో, 19వ అధికరణంలో అప్పటికే ఉన్న మాటల్లోంచే ఈ హక్కును బయటికి లాగారు. ఆ పని రెండు చోట్ల జరిగింది. ఒకటి ఢిల్లీలో సుప్రీంకోర్టు. రెండోది రాజస్థాన్‌లో కరువు పనులు జరిగే చెరువు గట్లు.

ముందు కోర్టు సంగతి, త్వరగా.

బ్రిటిష్‌వాళ్లు 1923లో అధికార రహస్యాల చట్టం చేశారు. ప్రభుత్వ కాగితం బయటివాడి కంటపడటమే నేరమన్నంత ధోరణి దానిది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టం పోలేదు, ఇప్పటికీ ఉంది. ‘భారత ప్రజలమైన మేము’ అంటూ రాజ్యాంగం మొదలైనా, ఆ ప్రజలకు ఫైలు చూపించే అలవాటు మాత్రం ఆఫీసులకు రాలేదు.

1975లో ఒక కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. రాయ్‌బరేలీలో ఇందిరా గాంధీ చేతిలో ఓడిపోయిన రాజ్ నారాయణ్, ఆమె ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టులో కేసు వేశారు కదా, దానికి సంబంధించిందే ఇది. ప్రధాని పర్యటనల్లో భద్రతా ఏర్పాట్ల నియమాలున్న ‘బ్లూ బుక్’ కావాలని ఆయన అడిగారు, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇవ్వనంది. ఆ తీర్పులో జస్టిస్ కె.కె. మాథ్యూ రాసిన మాటల సారాంశం ఇది: అధికారులు ప్రజల తరఫున పనిచేసేవాళ్లు, చేసిన ప్రతి పనికీ ప్రజలకు జవాబు చెప్పాలి, అలాంటి ప్రభుత్వంలో రహస్యాలు అతి కొద్దిగా మాత్రమే ఉండాలి, ప్రభుత్వం ఏం చేస్తోందో తెలుసుకునే హక్కు జనానికి ఉంది. దానికి ఆధారం 19(1)(ఏ), అంటే భావప్రకటన స్వేచ్ఛ. తర్కం తేలికే. తెలియని విషయం మీద అభిప్రాయం ఎలా ఏర్పడుతుంది? అభిప్రాయమే లేకపోతే దాన్ని చెప్పే స్వేచ్ఛ ఉండి ఏం లాభం? 1981లో జడ్జీల బదిలీల కేసులో జస్టిస్ భగవతి దీన్నే మరింత గట్టిగా చెప్పారు.

బాగానే ఉంది. కానీ ఈ తీర్పులు చేతబట్టుకుని వెళ్లి పంచాయతీ ఆఫీసులో మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమంటే ఎవరూ చూపించరు. హక్కు ఉందని కోర్టు చెప్పింది సరే, ఎవరిని అడగాలి, ఎన్నాళ్లలో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏం చెయ్యాలి అన్నది ఎక్కడా లేదు. ముప్పై ఏళ్లపాటు అది తీర్పుల సంపుటాల్లో ఉన్న హక్కే.

ఇప్పుడు గట్ల మీదికి వద్దాం.

ఐఏఎస్ ఉద్యోగం 1975లోనే వదిలేసిన అరుణా రాయ్, నిఖిల్ డే, ఆ ప్రాంతంవాడే అయిన శంకర్ సింగ్ కలిసి 1987లో రాజస్థాన్‌లోని దేవ్‌డూంగ్రీ అనే చిన్న ఊళ్లో మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. మూడేళ్ల తర్వాత, 1990 మే డే నాడు, భీమ్ పట్టణంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పుట్టింది. అక్కడ అప్పటి గొడవ సమాచారం గురించి కాదు, కూలి గురించి. కరువు పనులకు వెళ్లినవాళ్లకు చట్టం ప్రకారం రావాల్సిన కనీస కూలి చేతికి రావడం లేదు. ఎందుకని అడిగితే ‘మీరు చేసిన పని అంతే, కొలతలు అలాగే ఉన్నాయి’ అంటారు. ఆ కొలతల పుస్తకం చూపించమంటే ‘అది సర్కారు రికార్డు, మీకు చూపించేది కాదు’ అంటారు.

మొత్తం ఉద్యమానికి మూలం ఈ రెండో జవాబే. పొద్దంతా గడ్డపార పట్టి మట్టి తవ్విన మనిషి ఎంత తవ్వాడో ఒక కాగితం చెబుతుంది, ఆ కాగితాన్ని అతను చూడకూడదు. కూలి కోసం చేసే పోరాటం ఆ కాగితం దగ్గరికి వచ్చి ఆగిపోతోందని వాళ్లకు అర్థమైంది. నిరాహార దీక్షలు చేసినా, కలెక్టర్ హామీ ఇచ్చినా, మళ్లీ పని మొదలయ్యాక అదే కథ. దాంతో కాగితాన్నే అడగడం మొదలుపెట్టారు.

1994 డిసెంబర్ 2న పాలీ జిల్లా కోట్‌కిరానాలో మొదటి జనసున్వాయి జరిగింది. జనం ముందు బహిరంగ విచారణ అన్నమాట. ఇందులో పద్ధతి ఎంత తేలికో చూడండి. ఎలాగో సంపాదించిన మస్టరు నకళ్లను ఊరి మధ్య మైకులో చదువుతారు. మస్టరులో ఒక్కో వరుసకు ఒక పేరు, తండ్రి పేరు, పని చేసిన రోజులు, ఇచ్చిన కూలి, చివర వేలిముద్ర. చదివేవాళ్లు పేరు చదివి ఆగుతారు, ఆ మనిషి అక్కడే ఉంటే లేచి చెబుతాడు. ‘ఆ నెలంతా నేను ఊళ్లోనే లేను’ అని ఒకరు, ‘నేనా పనికే పోలేదు’ అని ఒకరు. పేరు చదివాక ఎవరూ లేవకపోతే వెనకనుంచి ఇంకెవరో ‘ఆయన పోయి ఎన్నేళ్లయిందో’ అంటారు. చచ్చిపోయినవాళ్లు కూలికెళ్లడం, సగంలో ఆగిన కట్టడానికి పూర్తి బిల్లు ఎత్తుకోవడం మనకూ కొత్తేం కాదు, ‘దొంగ మస్టర్లు’ అన్న మాట తెలుగు పల్లెల్లో ఎవరికి తెలియదు? తేడా అల్లా, గుసగుసగా చెప్పుకునే సంగతిని అక్కడ ప్రభుత్వ కాగితంలోంచే చదివి వినిపించారు. చదువురాని మనిషి కూడా తన పేరు పక్కన ఏం రాశారో చెవులారా విని, తప్పయితే తప్పని చెప్పగలిగాడు. ఆడిటర్లు పనికిరారని కాదు. ఫలానా తేదీన ఫలానా మనిషి ఊళ్లో ఉన్నాడా లేడా అన్నది ఏ ఆడిటరుకూ తెలియదు, పక్కింటివాళ్లకు తెలుస్తుంది.

ఈ వార్తలు పేపర్లలో రావడంతో 1995 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి భైరాన్‌ సింగ్ షెకావత్ అసెంబ్లీలో లేచి, పంచాయతీ పనుల రికార్డుల నకళ్లు ఫీజు కట్టిన ఎవరికైనా ఇస్తామని ప్రకటించారు. ఏడాది గడిచింది, ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో చాంగ్ గేట్ దగ్గర టెంటు వేసి ధర్నాకు కూర్చున్నారు. అప్పుడు ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. రికార్డులు చూడొచ్చు, కావాలంటే చేత్తో రాసుకోవచ్చు, జిరాక్స్ మాత్రం ఇవ్వం అని!

చదివితే చిన్న తేడాలా అనిపిస్తుంది, నలభై రోజుల ధర్నా అంతా ఆ తేడా మీదే. చేత్తో రాసుకున్న నోట్సు తీసుకెళ్తే ‘నువ్వే రాసుకొచ్చావు’ అంటారు. ఆఫీసు ముద్ర ఉన్న నకలైతే ఆ మాట అనలేరు. ఇచ్చినట్టే ఉండాలి, చేతికేమీ చిక్కకూడదు అన్న విద్యలో మన ప్రభుత్వాలది మొదటినుంచీ మంచి చెయ్యి.

ఆ నలభై రోజులూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంటికి ఇన్ని కిలోలని గింజలు పంపారు, బజార్లో కూరగాయలమ్మేవాళ్లు రోజూ కొన్ని తెచ్చిచ్చేవారు. ‘హమారా పైసా, హమారా హిసాబ్’, అంటే మా డబ్బు, మా లెక్క అన్న నినాదం దేశమంతా తెలిసింది ఈ పోరాటంతోనే. సంఘటన్‌లో సుశీల అనే ఆమె ఉండేవారు, పెద్దగా చదువుకోలేదు. నీకు సమాచార హక్కెందుకమ్మా అని విలేకరులు అడిగితే ఆమె ఇచ్చిన జవాబును ఇప్పటికీ చెప్పుకుంటారు. పది రూపాయలిచ్చి కొడుకును బజారుకు పంపితే వచ్చాక లెక్క అడుగుతానే, నా పేరు మీద ప్రభుత్వం కోట్లు ఖర్చు పెడుతుంటే అడగొద్దా అన్నారట. జస్టిస్ మాథ్యూ 1975లో రాసిందీ ఇదే. ఆమె ఆ తీర్పు చదివి ఉండరు.

ఈ కథలో నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వొచ్చే ఘట్టం 1997లో జైపూర్‌లో జరిగింది. నకళ్ల కోసం మళ్లీ ధర్నా, ఈసారి 50 రోజులు దాటింది. చివరికి ప్రభుత్వం తరఫున ఒక ప్రకటన వచ్చింది. నకళ్లు ఇవ్వాలన్న ఉత్తర్వు ఆరు నెలల కిందటే గెజిట్‌లో అచ్చయిందట! సమాచారం ఇవ్వాలన్న ఉత్తర్వునే ఎవరికీ సమాచారం లేకుండా దాచారు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. రాజ్యాంగ ఆదర్శాల పేరు చెప్పి రోడ్డు మీద కూర్చోవచ్చా? అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం గుర్తున్నవాళ్లకు ఈ ప్రశ్న తప్పక వస్తుంది. రక్తపాతంతో కూడిన విప్లవ మార్గాలను వదిలేయాలని చెప్పి ఆయన అక్కడితో ఆగలేదు. శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహం కూడా వదిలేయాలన్నారు. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి ఉన్నప్పుడు ఇవన్నీ ‘అరాచకానికి వ్యాకరణం’ అన్నారు. ధర్నాలను తిట్టాలనుకున్న ప్రతి ప్రభుత్వమూ ఈ మాటను వాడుకుంటుంది.

కానీ అంబేడ్కర్ పెట్టిన షరతు చూడండి: రాజ్యాంగబద్ధమైన దారి తెరిచి ఉన్నప్పుడు. బ్యావర్‌లో కూర్చున్నవాళ్లు ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు 19(1)(బీ)లో ఉంది, సమాచారం అడిగే హక్కు దాని పక్కనే 19(1)(ఏ)లో ఉంది. ఒక ఉపవాక్యం మీద కూర్చుని రెండోది అడిగారు, అంతే. పైగా వాళ్లు అడిగింది ముఖ్యమంత్రి స్వయంగా అసెంబ్లీలో ఇచ్చిన మాట. అప్పుడు లోక్‌సభ ఎన్నికల వేళ కూడా. అయినా పార్టీ పెట్టలేదు, ఎవరినీ దించమనలేదు. నా లెక్కలో ఇది అంబేడ్కర్ వద్దన్నది కాదు, ఆయన తెరిచి ఉందన్న తలుపును తట్టడం. దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారని తెలుసు. రోడ్డు మీద గుంపును చూసి చట్టం చెయ్యడం ప్రమాదకరమైన అలవాటేనన్న వాదనలో బలముంది. అందుకే వాళ్లు రోడ్డు దగ్గర ఆగకుండా ముసాయిదా దాకా వెళ్లడం ముఖ్యం. 1996లోనే సమాచార హక్కు కోసం జాతీయ ప్రచార కమిటీ ఏర్పడింది, జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షుడిగా ఉన్న ప్రెస్ కౌన్సిల్ ద్వారా చట్టం ముసాయిదా తయారైంది.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1997లో తమిళనాడు, గోవా, ఆ తర్వాత ఇంకొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేశాయి. 2002లో పార్లమెంటు ఒక బలహీనమైన చట్టం చేసింది, దాన్ని అమల్లోకే తేలేదు. 2005లో ఇప్పుడున్న చట్టం వచ్చింది, అక్టోబర్ 12 నుంచి పూర్తిగా అమలైంది. దాని మొదటి వాక్యమే ‘భారత రాజ్యాంగం ప్రజాస్వామిక గణతంత్రాన్ని స్థాపించింది కాబట్టి’ అంటూ మొదలవుతుంది. సెక్షన్ 22 ప్రకారం 1923 నాటి రహస్యాల చట్టం దీనికి అడ్డు రాకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నియమాల్లో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజే లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది.

మనకు ఇందులో సొంత వాటా కూడా ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ చట్టంలోనే గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని రాశారు. కోట్‌కిరానాలో మైకులో మస్టరు చదివిన పద్ధతికి వచ్చిన సర్కారీ రూపం అది. దాన్ని పెద్ద ఎత్తున, ప్రభుత్వమే పూనుకుని చేసింది ఆంధ్రప్రదేశ్. 2009లో ఆ పనికి ప్రత్యేక సొసైటీనే పెట్టింది, కూలీల కుటుంబాల్లోని చదువుకున్న పిల్లలకు రికార్డులు చదవడం నేర్పించి ఊళ్లకు పంపింది. తనిఖీల్లో బయటపడ్డ డబ్బంతా తిరిగి వసూలైందని ఎవరూ అనలేరు, అది వేరే కథ.

ఓటరు వైపు కూడా ఇదే తీగ సాగింది. అభ్యర్థులు తమ ఆస్తులు, కేసులు, చదువు అఫిడవిట్‌లో చెప్పాలని 2002లో సుప్రీంకోర్టు అంటే, అన్ని పార్టీలూ కలిసి చట్టాన్ని సవరించి దాన్ని నీరుగార్చాయి. పీయూసీఎల్, లోక్‌సత్తా, ఏడీఆర్ అనే పౌర సంస్థలు మళ్లీ కోర్టుకెళ్తే 2003లో ఆ సవరణ కొట్టుడుపోయింది. పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు చెల్లవని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అన్నదీ ఇదే 19(1)(ఏ) మీద. రాజకీయ పార్టీలు కూడా సమాచార హక్కు కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013లో చెప్పింది. ఆరు జాతీయ పార్టీల్లో ఒక్కటీ పాటించలేదు. మిగతా విషయాల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు ఈ ఒక్కదాంట్లో ఎంత ఐకమత్యమో!

ఇప్పుడు ఈ చట్టం ఎలా ఉందంటే, ఉంది. ఎవరూ రద్దు చెయ్యలేదు, చెయ్యరు కూడా. రద్దు చేస్తే ధర్నాలవుతాయి. కుర్చీలు ఖాళీగా ఉంచితే ఏ టెన్షనూ లేదు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, అంటే రెండేళ్లకు పైగా, ఒక్క కమిషనరూ లేరు. ఆఫీసు ఉండేది, బోర్డు ఉండేది, అప్పీళ్లు తీసుకునేవారు, వినేవాళ్లే లేకపోయారు. ముప్పై రోజుల్లో జవాబివ్వని అధికారికి జరిమానా వేసేది కమిషనే కాబట్టి, కమిషన్ లేకపోతే ఆ 25,000 జరిమానా కాగితం మీది అంకె. 2019 సవరణతో కమిషనర్ల పదవీకాలం, జీతం ఎంతో నిర్ణయించే అధికారం కేంద్రం చేతికి వెళ్లింది. అంతకుముందు అవి చట్టంలోనే రాసి ఉండేవి.

వీటన్నిటికన్నా పెద్ద మార్పు మాత్రం చాలామంది కంట పడలేదు, ఎందుకంటే అది సమాచార హక్కు చట్టం పేరుతో రాలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, చివరెక్కడో సెక్షన్ 44లో వచ్చింది. 2025 నవంబర్‌లో అమలైంది. అంతకుముందు సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8(1)(జే) ప్రకారం వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఉండాలంటే, దానికి ప్రజా వ్యవహారంతో సంబంధం లేదని గానీ, అనవసరంగా ఒకరి గోప్యతలోకి చొరబడటమేనని గానీ ఉండాలి. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అప్పుడు కూడా ఇవ్వాలి. కొత్త రూపంలో ఈ షరతులన్నీ పోయి ‘వ్యక్తిగత సమాచారం’ అన్నది మాత్రం మిగిలింది. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది, ఉన్నమాట నిజమే. కాకపోతే ఆ ప్రయోజనమేమిటో అడిగినవాడు వాదించుకోవాల్సి వస్తుంది. అంటే సెక్షన్ 6(2) బయటికి తోసేసిన ‘నీకెందుకు?’ పెరటి దారిన మళ్లీ లోపలికొచ్చింది.

దాంతోపాటు ఇంకో వాక్యం కూడా పోయింది. పార్లమెంటుకు గానీ శాసనసభకు గానీ కాదనలేని సమాచారాన్ని ఏ మనిషికీ కాదనకూడదు అని 8(1)(జే) కిందే రాసి ఉండేది. ఎంపీకి దొరికే కాగితం కూలిమనిషికీ దొరకాలని దాని అర్థం. పీఠికలోని సమానత్వం అన్న మాటకు రోజువారీ ఆఫీసు భాషలో ఇంతకన్నా మంచి అనువాదం నేను చూడలేదు.

గోప్యత కూడా ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు, అందులో నాకూ అభ్యంతరం లేదు. నా ఆధార్ నంబరు, నా ఆస్పత్రి చీటీ ఊరందరికీ అక్కర్లేదు. కానీ పింఛన్ల జాబితా తీసుకోండి, ఇళ్ల స్థలాల జాబితా తీసుకోండి, కోట్‌కిరానాలో చదివిన మస్టరు తీసుకోండి. పేరు, తండ్రి పేరు, వేలిముద్ర. అన్నీ వ్యక్తిగతమే. అవి కొట్టేసి ఇస్తే ఆ కాగితంలో మిగిలేది పని దినాలెన్ని, కూలి ఎంత అన్న అంకెలు. వాటిని ఊరి మధ్య మైకులో ఎంత గట్టిగా చదివినా, వెనకనుంచి లేచి ‘ఆయన పోయి ఎన్నేళ్లయిందో’ అనడానికి ఎవరికీ వీలుండదు.